నాలుగో దీవిలో వాన

కాపీ మాస్టారికి అసలు పేరు ఒకటి ఉండేది. షాపులో చేరిన మొదటి నెలలోనే అది పోయింది. పాత వీడియో క్యాసెట్లు, పాటల టేపులు, గీతలు పడ్డ డిస్కులు తెచ్చిస్తే వాటిని కొత్తవాటిలోకి ఎక్కించి ఇవ్వడం ఆ షాపు పని. లోపల గదిలో కూర్చుని ఎక్కించేవాడు ఇతనే. కౌంటర్లో కూర్చునే అక్క ఒకరోజు "కాపీ మాస్టారూ" అని పిలిచింది, అంతే, ఆ పిలుపు బంకలా అతుక్కుపోయింది. పరీక్షల్లో కాపీ కొట్టినవాణ్ణి బయటికి గెంటుతారు, నిన్ను మాత్రం జీతమిచ్చి కూర్చోబెట్టారు అని ఆవిడ నవ్వేది. అతనూ నవ్వేవాడు. అది రెండేళ్ళ కిందటి మాట.

ఇప్పుడు నవ్వడు. పోనీ ఏడుస్తాడా అంటే అదీ లేదు. పెళ్ళాం పిల్లని తీసుకుని వేరే ఇంటికి వెళ్ళిపోయింది, కాగితాల మీద సంతకాలయ్యాయి, ఉన్న సామానులో సగం లారీ ఎక్కింది. మనిషన్నాక ఏదో ఒకటి చెయ్యాలి కదా. తాగనైనా తాగాలి, తిట్టనైనా తిట్టాలి, కనీసం ఓ పూట దుప్పటి ముసుగేసుకుని పడుకోవాలి. ఇతనేమో మర్నాడు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని పనికొచ్చాడు. ఓసారి వైర్లు అతికించే సోల్డరింగ్ కడ్డీ వేలికి తగిలి చర్మం కాలితే, వాసనొచ్చాక చూసుకున్నాడు. "నొప్పి పుట్టలేదా తమ్ముడూ?" అని కౌంటరక్క అడిగింది. "పుట్టే ఉంటుంది" అన్నాడు. ఏం చెప్తాం అలాంటి మనిషికి. గోడకి జ్వరమొస్తే మందెక్కడ రాస్తాం.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అతనికో నియమం ఉంది. ఏ కాపీ చేసినా మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూశాకే కౌంటరు మీద పెడతాడు. ఎవరిదో పెళ్ళి, ఎవరిదో నాట్యం, ఎవరి తాతగారో కుర్చీలో కూర్చుని దగ్గుతూ చెప్పిన నాలుగు మాటలు, అన్నీ చూడాల్సిందే. మధ్యలో ఒక్క చోట బొమ్మ వణికినా మళ్ళీ మొదలెడతాడు. యజమాని మొదట్లో గొణిగాడు, ఇలా చూస్తూ కూర్చుంటే షాపు నడిచినట్టేనని. తర్వాత తర్వాత, ఒక్క గిరాకీ కూడా "ఇది పాడైంది" అని వెనక్కి రాకపోయేసరికి నోరు మూసుకున్నాడు.

ఇక ఇల్లు. మేడ మీద ఒక గది. ఇనప మంచం, బల్ల, బల్ల మీద కంప్యూటరు, రెండు కుర్చీలు. రెండో కుర్చీ కూతురి కోసం కొన్నాడు. కూతురు శనివారాలొస్తుంది. పొద్దున తల్లి దింపి వెళ్తుంది, సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది. సంతకాలప్పుడు రాసుకున్న మాట ఏమిటంటే, పాప ఇష్టపడినన్నాళ్ళు శనివారం తండ్రి దగ్గరికి పంపాలి. ఇష్టపడినన్నాళ్ళు. ఆ ఒక్క మాటా చెప్పులో రాయిలా ఎప్పుడూ గుచ్చుతూనే ఉండేది. ఇష్టం పోయిన రోజున పిల్ల రాదు, అడగడానికి ఇతనికి నోరు లేదు. అతనికి మిగిలింది ఆ శనివారం ఒక్కటే. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆ పిల్లని అతను పిట్ట అంటాడు. పదేళ్ళది, సన్నగా, తల కాస్త పక్కకి వంచి చూస్తుంది. మొదట్లో శనివారాలు ఎలా గడిచేవో తలుచుకుంటే జాలేస్తుంది. "బాగా చదువుతున్నావా?" "ఊఁ." "అన్నం తిన్నావా?" "ఊఁ." "అమ్మ బాగుందా?" "ఊఁ." ఆ తర్వాత ఇద్దరూ కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు చూసేవాళ్ళు. ట్యాంకులో చూడ్డానికేముంటుంది? నిండితే కారుతుంది, అంతే.

ఒక శనివారం పిట్ట మంచం కింద దూరి ఓ అట్టపెట్టె లాగింది. అందులో ఒక కంప్యూటర్ ఆట డిస్కు, పెట్టెతో సహా. పెళ్ళికి ముందు కొనుక్కున్నది. ఏడు దీవులు, ఒక చిన్న పడవ. ఒక్కో దీవిలో ఒక్కోటి బాగుచేస్తే తప్ప పడవ తర్వాతి దీవికి కదలదు. మొదటి దాంట్లో ఆరిపోయిన దీపం, రెండో దాంట్లో విరిగిన వంతెన, అలాగన్నమాట. తుపాకులూ పేలుళ్ళూ లేవు. ఇప్పటి పిల్లలు చూస్తే ఆవలిస్తారు. పిట్ట మాత్రం కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది, సాయంత్రం తల్లి వచ్చి కింద హారన్ కొట్టేదాకా లేవలేదు. ఆ రోజునుంచి శనివారం అంటే ఆ ఆటే. పిల్ల ఆడేది, ఇతను పక్కన కూర్చుని చూసేవాడు. పిల్ల తప్పు చేసినా ఏమీ అనడు, గెలిచినా ఏమీ అనడు. చూస్తాడు. క్యాసెట్లు చూసీ చూసీ అదే అలవాటైపోయింది మరి.

ఇలా మూడో దీవి దాకా వచ్చారు. అప్పుడు ఫోనొచ్చింది.

ఫోన్లో ఆవిడ పేరు ఇప్పుడు "పాప వాళ్ళమ్మ" అని ఉంటుంది. ఒకప్పుడు ఆవిడ ఫోను చేస్తే "ఏమండీ" అని మొదలుపెట్టేది. ఇప్పుడు ఏ పిలుపూ లేకుండా నేరుగా విషయంలోకి దిగిపోతుంది, బ్యాంకువాళ్ళలాగా.

"పాపకి ఆ దీవుల ఆట ఇంట్లో కూడా కావాలట. ఒక కాపీ చేసివ్వండి. మీ పనే కదా అది."

"డిస్కు పాతది. గీతలున్నాయి."

"అందుకే కదా అడుగుతున్నది. అది పాడైపోయే లోపల ఒకటి చేసి దాస్తే మంచిదని పాపే అంది. మీరు చెప్పారట కదా, ఏ వస్తువుకైనా రెండోది ఒకటి ఉండాలని."

చెప్పాడు. తాను షాపులో ఏం చేస్తాడో వివరిస్తూ ఏదో శనివారం చెప్పాడు. అతను ఆ గదిలో మాట్లాడిందే తక్కువ, ఆ ఉన్న నాలుగు ముక్కల్లో ఇదొకటి, అది కాస్తా తిరిగొచ్చి మెడకి చుట్టుకుంది. సరేనన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు దాన్నే చూశాడు. ఆట ఇంట్లోనే ఉంటే ఈ మేడ మెట్లు ఎక్కి పిల్ల ఎందుకొస్తుంది? నీళ్ళ ట్యాంకు చూడ్డానికా?

షాపులో మధ్యాహ్నం భోజనాల వేళ గిరాకీ ఉండదు. ఆ వేళల్లో కూర్చుని ఏ సాఫ్ట్‌వేర్‌తో చెయ్యాలా అని వెతకడం మొదలుపెట్టాడు. రోజులు గడిచాయి. పదిమంది రాసినవి చదివాడు, వాళ్ళ గొడవలు చదివాడు, గొడవలకి జవాబులూ చదివాడు. కౌంటరక్క డబ్బా మూత తీస్తూ తొంగి చూసింది.

"పిల్లకి ఆట కాపీ చెయ్యడానికి ఇంత కిందామీదా పడుతున్నావేంటి తమ్ముడూ? దాన్ని పెట్టు, దీన్ని పెట్టు, మీట నొక్కు. రోజూ చేసేదే కదా."

"ఆటలు అలా కుదరవక్కా. కాపీ చెయ్యకుండా తాళం వేస్తారు."

"డిస్కుకి తాళమా?"

"డిస్కు అంచు దగ్గర ఒక చుట్టు ఉంటుంది. దాన్ని కావాలనే పాడుచేసి అచ్చేస్తారు. ఆట ఆడుతున్నప్పుడు లోపల్లోపల ఆ పాడు చుట్టు ఉందా లేదా అని తడిమి చూసుకుంటుంది. ఉంటే అసలు డిస్కు. లేకపోతే నకలు."

"ఓరి వీళ్ళ తెలివి తగలెయ్య. మచ్చ ఉంటేనే మంచిదన్నమాట."

"సాఫ్ట్‌వేర్లు మూడున్నాయి. మొదటిది చిటికెలో చేసేస్తుంది. చదవలేని చోటొస్తే శుభ్రం చేసి, నున్నగా చేసి ఎక్కిస్తుంది. రెండోది మచ్చని మచ్చగానే ఎక్కిస్తుంది, కానీ పూటంతా పడుతుంది. మూడోది డిస్కే అక్కర్లేకుండా మొత్తం ఆటని కంప్యూటర్లో దాచేస్తుంది, వాళ్ళింట్లో ఉన్న పాత కంప్యూటరు దాన్ని మొయ్యలేదు."

"అంటే రెండోదే."

"రెండోదే."

"మరింకేం చూస్తున్నావు?"

అతను తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి డబ్బాలో చెయ్యి పెట్టింది. ఇతనికి చెప్పడం, చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఒకటేనని ఆవిడకెప్పుడో తెలిసిపోయింది.

అతను చూస్తున్నది ఏమిటంటే, ఎవరో ఆ దీవుల ఆట గురించే రాసిన ఓ చిన్న మాట. మొదటి సాఫ్ట్‌వేర్‌తో ఈ ఆటని కాపీ చెయ్యకండి. చూడ్డానికి బాగానే నడుస్తుంది. ఆట మొరాయించదు, తిట్టదు, ఆగిపోదు. మూడు దీవులూ హాయిగా సాగుతుంది. నాలుగో దీవిలో వాన పడదు, అంతే. తయారుచేసినవాళ్ళు దొంగ కాపీలవాళ్ళ మీద కక్షకొద్దీ పెట్టిన తంటా అది.

ఆ నాలుగో దీవి అతనికి గుర్తుంది. బోడి దీవి. గడ్డి పరక లేదు. మొక్కలు నాటాలి, బావిలో నీళ్ళు తోడి పొయ్యాలి, కొన్ని బతికాక ఆకాశంలో ఓ మూల మబ్బు పడుతుంది. తర్వాత వాన. వానకి కాలవ నిండితేనే పడవ అయిదో దీవికి కదులుతుంది. వాన లేకపోతే నాటినవన్నీ ఎండిపోతాయి. పిల్ల అక్కడే ఆగిపోతుంది. ఆగిపోతే ఏం చేస్తుంది, నాన్న దగ్గర ఆడదామని శనివారం వస్తుంది.

ఈ లెక్క అతను మనసులో ఇంత వరసగా వేసుకున్నాడా అంటే, లేదంటాడు. అడిగితే, మధ్యాహ్నం పూట, తల బరువుగా ఉంది, వేలు దానంతటదే మొదటిదాని మీద నొక్కేసింది అంటాడు. వేలికేం తెలుసండీ పాపం? అది చెప్పిన పని చేస్తుంది. నొక్కింది తలే. కంచే చేను మేసిందంటారు చూడండి, అలా, ఊళ్ళో వాళ్ళ తాతల దగ్గులు కూడా పోకుండా కాపాడే మనిషి సొంత కూతురి ఆటని చేతులారా చెడగొట్టాడు. అంత చేసినా అతనికి భయం వెయ్యలేదు, సిగ్గు వెయ్యలేదు. మీట నొక్కి, కప్పులో మిగిలిన చల్లారిన టీ తాగాడు.

కాపీ అయ్యాక ఆడించి చూశాడు. మొదటి దీవి, రెండోది, మూడోది. అక్కడ ఆపేశాడు. ఇన్నేళ్ళలో చివరిదాకా చూడకుండా అతను బయటికి పంపిన కాపీ అదొక్కటే.

శనివారం పిట్టకి ఇచ్చాడు. డిస్కుని రెండు చేతుల్తో అంచులు పట్టుకుని తీసుకుంది, అతను నేర్పినట్టే. దాని మీద స్కెచ్ పెన్నుతో తన పేరు రాసుకుంది. "మొత్తం చూశావా నాన్నా?" అని అడిగింది. "చూశాను" అన్నాడు. ఆ రోజు ఇక ఆట ఆడలేదు, ఇంటికెళ్ళి ఆడుకుంటానంది. బొమ్మలు వేసుకుంటూ కూర్చుంది. హారన్ వినపడగానే డిస్కు సంచిలో పెట్టుకుని గబగబా దిగిపోయింది. అతను రెండో కుర్చీని బల్ల కిందికి తోశాడు.

పై శనివారం పిట్ట వచ్చింది. మొహం కాస్త వాడింది. అతను కంప్యూటరు పెడుతుంటే "వద్దు నాన్నా" అంది.

"ఏం?"

"నాలుగో దీవి రావట్లేదు నాకు. ఇంట్లో బాగా నేర్చుకున్నాక ఇక్కడ ఆడతా." కొంచెంసేపు గోళ్ళు కొరుక్కుంది. "నాన్నా, వాన ఎందుకు పడట్లేదు?"

అదిగో, అప్పుడు చెప్పొచ్చు. ఎంతసేపు పడుతుంది? కాపీ చెడిపోయిందమ్మా, ఇంకోటి చేసిస్తా అంటే అయిపోయేది. పిల్ల తల పక్కకి వంచి చూస్తోంది. నాన్నకి అన్నీ తెలుసని దాని నమ్మకం.

"ఇంకా నాటు" అన్నాడు. "పడుతుంది."

"చాలా నాటాను."

"ఇంకా నాటాలి."

"సరే" అంది పిట్ట. ఆ తర్వాత ఇద్దరూ చీట్లపేక ఆడారు. ఇద్దరికీ ఆసక్తి లేదు. పిల్ల వచ్చింది కదా, ఇక్కడే ఉంది కదా, చాలు అనుకున్నాడు అతను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ముక్కలు పంచాడు. తిట్టాలనిపిస్తుంది ఇలాంటివాళ్ళని. కానీ తిట్టినా తగలదు.

ఆ పై శనివారం పిల్ల రాలేదు. పొద్దున్నే గది ఊడ్చి, కుర్చీ తుడిచి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద ఏ బండీ ఆగలేదు. మధ్యాహ్నం కావస్తుండగా తానే ఫోను చేశాడు.

"రానంటోంది" అంది ఆవిడ.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. మీ దగ్గరికొస్తే ఆ దీవి ఎందాకా వచ్చిందని మీరడుగుతారట, ఏం చెప్పాలో తెలీదట." ఆవిడ ఏదో పక్కకి జరిపిన చప్పుడు వినిపించింది. "రోజూ స్కూల్నుంచి వచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా అదే పని. మొక్క పెట్టడం, బావి దగ్గరికి పోవడం, తిరిగి రావడం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేనేదన్నా తప్పు చేస్తున్నానేమో చూడమ్మా అని అడిగింది. నాకేం తెలుసు? బాగానే చేస్తున్నావు అన్నాను. నిన్న కీబోర్డు అవతలకి నెట్టేసి, నేను మొద్దునమ్మా అంది. లెక్కల్లో తప్పినప్పుడు కూడా ఆ మాట అనలేదు పిల్ల."

అతను కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"ఉన్నారా?"

"ఆఁ."

"అసలా కాపీ ఎందుకడిగిందో తెలుసా? ఏడు దీవులూ ఇంట్లో నేర్చేసుకుని, ఒక శనివారం మీ ముందు గబగబా ఆడేసి చూపించాలట. నాన్న అప్పుడైనా నవ్వుతాడేమో అంది. నేను వద్దనలేకపోయాను."

ఫోను పెట్టేశాక మంచం మీద కూర్చున్నాడు. గుండె బరువెక్కిందనీ, కళ్ళు తిరిగాయనీ చెబితే బాగుంటుంది గానీ, అలాంటివేం కాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాడికి కనీసం చేతులు మండుతాయి. ఇతనికి మంట కూడా తెలీడం లేదు. తాను చేసింది తప్పని మాత్రం తెలిసింది, పక్క గదిలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నట్టు.

లేచి షాపుకెళ్ళాడు. అసలు డిస్కు పెట్టి, రెండో సాఫ్ట్‌వేర్ తెరిచి, మచ్చని మచ్చగా ఎక్కించమన్నాడు. ఆ అంచు చుట్టు దగ్గర డ్రైవు పళ్ళు కొరుకుతున్నట్టు శబ్దం చేస్తూ గంటల తరబడి తిరిగింది. కౌంటరక్క తలుపు దగ్గరికొచ్చి, "మొన్ననేగా చేశావు మళ్ళీ ఎందుకు?" అని అడిగింది.

"మొన్నటిది తప్పు చేశాను."

"నువ్వా? చూడకుండా ఇచ్చావా?"

"ఇచ్చాను."

ఆవిడ అతని మొహంలోకి చూసి ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది. కాపీ అయ్యాక ఈసారి మొత్తం ఆడాడు. నాలుగో దీవిలో మొక్కలు నాటాడు, నీళ్ళు పోశాడు. మూలన మబ్బు పట్టింది. వాన పడింది. తెర మీద సన్నటి తెల్లటి గీతలు, స్పీకర్లోంచి రేకుల మీద పడ్డట్టు చప్పుడు. పడవ కదిలింది. ఏడో దీవి దాకా వెళ్ళి, డిస్కు తీసి కవర్లో పెట్టాడు.

మర్నాడు వాళ్ళింటికెళ్ళాడు. లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. ఆవిడ తలుపు తీసి పక్కకి తప్పుకుంది. గదిలో పిట్ట నేల మీద బోర్లా పడుకుని పుస్తకం చదువుతోంది. గోడకి ఆనించిన బల్ల మీద ఆవిడ ఆఫీసువాళ్ళు తీసేసిన పాత కంప్యూటరు, దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

"కొత్త కాపీ తెచ్చాను" అన్నాడు. "అది పాడైంది."

పిట్ట లేచి కూర్చుంది. "పాడైందా? ఎలా?"

"చేసేటప్పుడు... ఏదో..." నీళ్ళు నమిలాడు.

"నువ్వు మొత్తం చూశాకే ఇస్తావు కదా. చూశానన్నావు. మీ షాపులో కౌంటరత్త కూడా చెప్పింది, నాన్న చూడకుండా ఏదీ ఇవ్వడని."

"ఇది చూడలేదు."

"ఎందుకు?"

టైము లేదమ్మా అనొచ్చు. లోకంలో తండ్రులందరూ రోజూ చెప్పే అబద్ధమే, పిల్లలందరూ నమ్మేదే. నోటిదాకా వచ్చింది కూడా. పిల్ల గోళ్ళు చూశాడు. చివరల్లో ఎర్రగా, తినేసి ఉన్నాయి.

"దాంట్లో వాన పడదు" అన్నాడు. "పడదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను."

"ఎప్పుడు తెలుసు?"

"చెయ్యకముందే."

"కావాలని చేశావా?"

"ఆఁ. ఆట ఇక్కడే ఉంటే నువ్వు నా దగ్గరికి రావడం మానేస్తావని."

పిట్ట ఏడవలేదు. అరవలేదు. తల పక్కకి వంచింది, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"నేను అడిగాను కదా" అంది. "వాన ఎందుకు పడట్లేదని."

"అడిగావు."

"ఇంకా నాటమన్నావు."

"అన్నాను."

"చాలా నాటానని చెప్పాను."

"చెప్పావు."

అతని చేతిలోంచి కొత్త డిస్కు తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి సొరుగులో పెట్టి మూసేసింది. కంప్యూటరు మీద తువ్వాలు తీసి కుర్చీ మీద పడేసి, మీట నొక్కింది. తన పేరు రాసిన పాత డిస్కే అందులో ఉంది. ఆట తెరుచుకునేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు. తెర మీద నాలుగో దీవి వచ్చింది, కనుచూపు మేర ఎండిపోయిన పుల్లలు. వాటి మధ్య ఖాళీ అన్నది లేదు. పెళ్ళికి ముందు తాను ఆడినప్పుడు ఇందులో పదో వంతు కూడా నాటి ఉండడు.

పిట్ట కుర్చీ మీది తువ్వాలు తీసేసింది.

"కూర్చో."

కూర్చున్నాడు.

"నాటు."

"అమ్మా, దీంట్లో వాన..."

"తెలుసు. నాటు."

ఎండిన పుల్లల పక్కన ఒక మొక్క నాటాడు. బావికెళ్ళి నీళ్ళు తెచ్చి పోశాడు. రెండాకులు పచ్చగా విచ్చుకున్నాయి. కాసేపటికి పసుపు రంగుకి తిరిగాయి, ముదిరాయి, రాలిపోయాయి.

"ఎండిపోయింది" అన్నాడు.

"చూస్తున్నా. ఇంకా నాటు."

ఇంకోటి నాటాడు. అదీ పోయింది. ఇంకోటి. పిల్ల పక్కన స్టూలు లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తప్పయినా ఏమీ అనకుండా, బాగున్నా ఏమీ అనకుండా చూస్తోంది. ఎవరి దగ్గర నేర్చుకుందో వేరే చెప్పక్కర్లేదు. ప్రతిదీ విచ్చుకునే ఆ ఒక్క క్షణం ఈసారి నిలుస్తుందేమో అనిపిస్తోంది. నిలవదని తెలిసి కూడా అలా అనిపిస్తోంది. ఈ పిల్ల తెలీకుండా ఎన్ని సాయంత్రాలు ఇలా కూర్చుందో. అక్కడ, ఆ పిచ్చి పుల్లల మధ్యలో, అతనికి నొప్పి పుట్టింది. రొమ్ము మధ్యలో, సూటిగా. సంతకాలప్పుడు పుట్టాల్సింది, లారీ కదిలినప్పుడు పుట్టాల్సింది, అంతా కలిసి ఇప్పుడొచ్చి పడింది. కళ్ళు మసకబారి మౌసు ఎక్కడుందో కనపడలేదు. చొక్కా చేత్తో తుడుచుకున్నాడు.

పిట్ట చూసింది. చాలు నాన్నా అనలేదు.

తల్లి గుమ్మం దగ్గరికొచ్చింది. అతని మొహం చూసి ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహం ఆవిడా చూడలేదు. "ఇంకా ఎంతసేపు?" అని మెల్లగా అడిగింది, ఎవర్నడిగిందో ఆవిడకే తెలీనట్టు.

"ఇంకా అవ్వలేదమ్మా" అంది పిట్ట.

అతను బావి దగ్గరికెళ్ళాడు. చేద ఖాళీగా పైకొచ్చింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ ఖాళీ. వాన లేని దీవిలో బావి మాత్రం ఎన్నాళ్ళిస్తుంది? ఇక చెయ్యడానికేముందన్నట్టు పిల్ల వైపు తిరిగాడు.

"ఆ కొండ వెనకాల ఇంకో బావి ఉంది" అంది పిట్ట. "దూరం. కానీ ఉంది."

అతను ఆ ఆట ఎన్నిసార్లో ఆడాడు. ఏడు దీవులూ కంఠతా వచ్చనుకున్నాడు. అక్కడో బావి ఉందని అతనికి తెలీదు. వాన పడితే ఎవరికీ ఆ బావితో పని ఉండదు.

"ఎటు?" అని అడిగాడు.

పిట్ట స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకుని తెర మీద వేలు పెట్టి చూపించింది. అతను ఆ దారినే నడిచి, నీళ్ళు తోడుకుని తిరిగొచ్చి, ఇంకో మొక్క నాటాడు.